‘మచ్చికైన కూన’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. వీధిలో తిరిగే తల్లికి పుట్టి, ఒక రెస్క్యూ బృందం తరఫున ఒకరి ఇంట్లో పెరుగుతున్న పది వారాల పిల్లికూనను మీరు చూసి వచ్చారు. మొదటి పది నిమిషాల్లోనే అది మీ ఒళ్లోకి ఎక్కి గురగురలాడింది. దాని వివరాల్లో ‘బాగా మచ్చికైనది, మనుషులంటే ఇష్టం’ అని రాసి ఉంది. మీ ఇంట్లో ఇప్పటికే నాలుగేళ్ల పిల్లి ఒకటి ఉంది. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు, ఇంటికి తెచ్చాక ఆ మచ్చిక నిలవాలంటే ఏం చేయాలి, పగలు ఇంట్లో మనుషులు లేకపోతే కూన బెంగపెట్టుకుంటుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

పన్నెండేళ్లుగా నేను ఇలాంటి కూనలను తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకుని, కాస్త పెద్దవయ్యాక వాటిని కోరుకున్నవారి ఇళ్లకు పంపుతున్నాను. నాకు పశువైద్యంలో చదువు లేదు. కనుక వైద్యానికి సంబంధించి నేను చెప్పేదాన్ని మీ వైద్యుడితో సరిచూసుకోండి. మచ్చిక గురించి మాత్రం కొంత ధీమాగానే చెప్పగలను. ఆ మాటను నమ్మండి. అయితే అది ఆ ఇంట్లో, ఆ మనుషుల మధ్య, ఆ చప్పుళ్లకు అలవాటుపడిన కూన గురించి చెప్పిన మాట అని గుర్తుంచుకోండి. మీ ఇంటికి వచ్చిన తొలి రోజుల్లో ఆ మచ్చిక అంతా ఆవిరైపోయినట్లు కనిపించవచ్చు. అది పోదు. మనం తొందరపడకుండా ఉంటే దానంతట అదే పైకి వస్తుంది, తొందరపడితే మాత్రం నెలలు పడుతుంది.

మచ్చిక ఎలా పుడుతుందో తెలిస్తే అవతలివారిని ఏమేం అడగాలో మీకే తెలుస్తుంది. కూనలకు పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఒక ప్రత్యేకమైన కాలం ఉంటుంది. ఆ రోజుల్లో వాటికి ఏది తరచుగా, నొప్పీ భయమూ లేకుండా ఎదురవుతుందో అదంతా జీవితాంతం మామూలు విషయంగా మనసులో నిలిచిపోతుంది. కళ్లు తెరుచుకుని, చెవులు వినిపించి, కాళ్లు నిలదొక్కుకునే సమయం అదే. భయం పూర్తిగా మేల్కొనక ముందే లోకాన్ని చూసేందుకు ప్రకృతి ఇచ్చిన గడువు అనుకోవచ్చు. 1980లలో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ చేసిన ప్రయోగాలు ఈ విషయంలో మొదటి గట్టి ఆధారాలు. మూడో వారం నుంచే మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు, ఏడో వారం తరువాత మెలగడం మొదలుపెట్టిన కూనల కంటే మనుషుల దగ్గరకు త్వరగా వచ్చాయి, ఎక్కువసేపు నిలిచాయి. రోజుకు పావుగంట ఎత్తుకున్నవాటి కంటే నలభై నిమిషాలు ఎత్తుకున్నవాటికి చేరిక ఎక్కువైంది. ఒక్కరి చేతిలోనే పెరిగిన కూన ఆ ఒక్కరికే మాలిమి అవుతుందని, పలువురి చేతుల్లో పెరిగినదానికి కొత్తవారంటే బెదురు తక్కువగా ఉంటుందని కూడా పరిశోధకులు గమనించారు.

రక్తం పాత్ర కూడా కొంత ఉంది. 1995లో శాండ్రా మక్యూన్ ప్రచురించిన అధ్యయనంలో, ధైర్యమూ చేరికా గల మగపిల్లికి పుట్టిన కూనలు, తండ్రిని ఎన్నడూ చూడకపోయినా, కొత్త వస్తువుల దగ్గరకూ కొత్త మనుషుల దగ్గరకూ జంకు లేకుండా వెళ్లాయి. వీధి తల్లికి పుట్టిన కూనల తండ్రి ఎవరో మనకు తెలిసే అవకాశం ఎలాగూ లేదు కనుక దీన్ని పక్కన పెట్టండి. ఒకే ఈతలో పుట్టి, ఒకే చేతుల్లో పెరిగిన నాలుగు కూనల్లో ఒకటి మాత్రం గోడ వారనే నడుస్తుంటే అది పెంచినవారి తప్పు కాదని తెలుసుకోవడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

కనుక మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ కూన ఏ వయసులో మనుషుల చేతికి వచ్చింది అన్నది. నాలుగో వారంలో వచ్చిందంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఎనిమిదో వారంలో వచ్చి పదో వారానికి మచ్చికైందంటే అబద్ధమని కాదు. అలా మారినవి నా దగ్గరా ఉన్నాయి. అయితే అలాంటివి తమకు తెలిసిన ఒకరిద్దరి దగ్గరే మచ్చికగా ఉండి, ఇల్లు మారగానే మళ్లీ మొదటికి వస్తాయి. రెండో ప్రశ్న, ఎంతమంది ఎత్తుకున్నారు, వారిలో మగవారు, పిల్లలు ఉన్నారా అన్నది. ఆడవారు మాత్రమే ఉన్న ఇంట్లో పెరిగిన కూన మగగొంతు వినగానే సోఫా కిందికి దూరడం నేను చాలాసార్లు చూశాను. అది మనిషి మీద ద్వేషం కాదు, ఆ ఎత్తు, ఆ అడుగుల చప్పుడు, ఆ గొంతు దానికి అలవాటు లేకపోవడమే. మూడో ప్రశ్న, తల్లి, తోబుట్టువులు ఎప్పటివరకు దానితో ఉన్నారు అన్నది. ఇది చాలామంది అడగరు, నిజానికి దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఎందుకంటే, సీసాపాలతో ఒంటరిగా పెరిగిన కూన చూడటానికి అందరికంటే మచ్చికగా ఉంటుంది. మెడ మీద ఎక్కుతుంది, వెంట తిరుగుతుంది, వదిలితే ఏడుస్తుంది. కానీ కొరికినప్పుడు ఎంత గట్టిగా కొరికితే అవతలివారికి నొప్పి పుడుతుందో అది ఎన్నడూ నేర్చుకోలేదు. తోబుట్టువు చెవిని గట్టిగా కొరికితే ఆ తోబుట్టువు కీచుమని అరిచి ఆట మానేస్తుంది, తల్లి పంజాతో ఒక్కటిస్తుంది. ఆ పాఠాన్ని మనిషి చెప్పడం కష్టం. అలాంటి కూనను తెచ్చుకోవద్దని అనను. ‘మనుషులంటే ఇష్టం’ అన్న మాట వెనుక రెండు వేర్వేరు పెంపకాలు ఉండవచ్చని, రెండోదానికి ఓపిక ఎక్కువ కావాలని మాత్రం అంటాను.

వీలైతే మరొక్కసారి వెళ్లి చూడండి, ఈసారి వేరే సమయంలో. మీరు మొదటిసారి వెళ్లినప్పుడు అది అప్పుడే ఆడి అలసి ఉండవచ్చు, తిని నిద్రకు సిద్ధమవుతూ ఉండవచ్చు. నిద్ర లేచి ఆకలి మీద ఉన్న సమయంలో చూడండి. కుర్చీలో కాక నేల మీద కూర్చోండి. చేయి చాచి పిలవకుండా కాసేపు ఊరుకుంటే, చేరిక గల కూన తోక నిటారుగా లేపి మీవైపు నడుస్తుంది. కూనలు తల్లిని పలకరించే తీరు అదే, ఎదిగాక మనుషులకూ అదే పలకరింపు దక్కుతుంది. ఆ తరువాత మీ తాళాల గుత్తిని కొంచెం దూరంలో నేల మీద జారవిడవండి. ఏ కూనైనా ఉలిక్కిపడుతుంది, పడాలి కూడా. మీరు చూడవలసింది అది ఎంతసేపట్లో కోలుకుంటుంది అన్నది. అర నిమిషంలో తిరిగి వచ్చి తాళాలను వాసన చూసే కూన ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది. పది నిమిషాలైనా బయటికి రాని కూనకు నిశ్శబ్దమైన ఇల్లు, ఎక్కువ రోజులు కావాలి. నేను కూనలను పంపేటప్పుడు ఏది ఏ ఇంటికి అన్నది చాలావరకు ఈ ఒక్క గమనింపుతోనే తేల్చుకుంటాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఎత్తుకుంటే కదలకుండా, ఒళ్లో పెట్టుకుంటే వేలాడిపోయి, ఎంతసేపైనా అలాగే ఉండే కూనను చూసి ‘ఎంత నెమ్మదస్తురాలో’ అని మురిసిపోయేవారు చాలామంది ఉన్నారు. పది వారాల కూన నెమ్మదిగా ఉండదు. రోజులో అత్యధిక భాగం నిద్రపోతుంది, మేలుకున్న కాసేపు మాత్రం ఇల్లు పీకి పందిరి వేస్తుంది. మేలుకుని కూడా ఆడని కూనకు ఒంట్లో బాగా లేదని అనుమానించాలి. కంటి లోపలి మూలనుంచి తెల్లటి మూడో రెప్ప పైకి కనిపించడం, కళ్లలో పుసి, తుమ్ములు, తోక కింద తడి, ఉబ్బిన పొట్ట, పాలిపోయిన చిగుళ్లు చూడండి. చిగుళ్లు పాలిపోతే బొచ్చులోని ఫ్లీలు అనే చిన్న పురుగులు రక్తం పీల్చేస్తున్నాయేమో చూడాలి. ఇంత చిన్న ఒంట్లో రక్తమే కొద్ది కనుక అవి ప్రాణం మీదికి తేగలవు. గురగురను కూడా ఒక్కదాన్నే నమ్మకండి. నొప్పిలో ఉన్న పిల్లులూ గురగురలాడతాయి.

వయసు సంగతి. ఎనిమిది వారాల లోపు కూనను తల్లి నుంచి వేరు చేయకూడదన్నది కనీస నియమం, అంతకు మించి ఆగడం ఇంకా మేలు. 2017లో హెల్సింకీ విశ్వవిద్యాలయం వారు దాదాపు ఆరువేల పెంపుడు పిల్లుల వివరాలు సేకరించి చూస్తే, ఎనిమిది వారాలకు ముందే తల్లికి దూరమైనవాటిలో కోపపు స్వభావం ఎక్కువగా, పద్నాలుగు వారాల తరువాత వేరైనవాటిలో తక్కువగా కనిపించింది. మీ కూనకు ఇప్పుడు పది వారాలు. తల్లీ తోబుట్టువులూ ఇంకా దానితోనే ఉంటే, పన్నెండు వారాలు నిండేదాకా అక్కడే ఉంచమని నేనైతే అడుగుతాను. ఆ రెండు వారాలు మీకు వృథా కావు, వారానికి ఒకసారి వెళ్లి కూర్చోండి. చెప్పిన వయసు నిజమేనా అని సందేహం ఉంటే తూకం చూడండి: కూనలు మొదటి నెలల్లో నెలకు సుమారు అరకిలో చొప్పున పెరుగుతాయి, కనుక పది వారాలదైతే ఒక కిలో దాటి ఉండాలి. పాలపళ్లు అప్పటికి అన్నీ వచ్చి ఉంటాయి, పుట్టుకతో ఉన్న నీలి కళ్లు అసలు రంగుకు తిరిగి ఉంటాయి.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. ప్యాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసీ అనే మూడు వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా సాగాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కొక్క కూనకు ఒక్కోలా ఉంటుంది కనుకనే ఇన్ని మోతాదులు. ‘ఒక టీకా వేయించాం’ అంటే సగం కూడా పూర్తికాలేదన్నమాట. వేసిన తేదీలు రాయించుకోండి. రేబీస్ టీకా పన్నెండు వారాల తరువాత. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు ఇచ్చారో అడగండి. ల్యుకీమియా వైరస్, ఎఫ్ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్షలు చేయించారా అన్నదీ తెలుసుకోండి. ఆరు నెలలలోపు కూనకు ఎఫ్ఐవీ పరీక్షలో ‘ఉంది’ అని వస్తే భయపడి కూనను వద్దనుకోకండి, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాల వల్ల అలా కనిపించవచ్చు కనుక ఆరు నెలలు దాటాక మళ్లీ చేయించాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ నాలుగైదు నెలలకల్లా జరిగిపోవాలి. నాలుగు నెలలకే గర్భం దాల్చిన కూనలు ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనకో సామెత ఉంది. తల్లి తిప్పినప్పుడు కూనకు తల్లి వాసన వెంట ఉంటుంది. మనం తెచ్చేటప్పుడు వెంట ఏదీ ఉండదు. అందుకని బయలుదేరే ముందు అది పడుకునే గుడ్డ ఒకటి, ఉతకకుండా, అడిగి తెచ్చుకోండి. అది తింటున్న ఆహారమే ఒక వారానికి సరిపడా, అది మలమూత్రాలకు వాడుతున్న లిట్టర్ (పెట్టెలో పోసే ఇసుకలాంటి పొడి) రకమే తెప్పించి పెట్టుకోండి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త తిండి, కొత్త మరుగుదొడ్డి అన్నీ ఒకేరోజు మారితే ఎంత చేరిక గల కూనైనా ముడుచుకుపోతుంది. ఆహారం మార్చాలనుకుంటే వారం పది రోజులపాటు పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

ఒక చిన్న గదిని సిద్ధం చేయండి. ఇల్లంతా తిరగనివ్వడం స్వేచ్ఛ అని మనకు అనిపిస్తుంది, అరచేతి పొడవున్న ప్రాణికి అది దారీతెన్నూ లేని అడవి. గదిలో ఒక మూల ఆహారం, నీరు. దానికి ఎదురు మూల, అంచు తక్కువగా ఉన్న లిట్టర్ బాక్స్. గోళ్లు గీరుకోవడానికి కదలకుండా నిలిచే స్తంభం. దాక్కోవడానికి మీరే ఇచ్చిన ఒక అట్టపెట్టె. ఈ చివరిది ముఖ్యం. దాక్కునే చోటు మీరు ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది, అది వెతుక్కునే చోటు బీరువా వెనుకో, మంచం అడుగు పరుపులోపలో, మీ చేయి అందని చోటే అవుతుంది. కూనను మోసుకొచ్చిన పెట్టె, అంటే క్యారియర్ తలుపు తెరిచి, దాన్ని కూడా గదిలోనే వదిలేయండి. అందులోంచి కూనను బయటికి లాగకండి, అదే వస్తుంది.

ఆ తరువాత రెండు మూడు రోజులు ఏం జరుగుతుందన్నది ముందే తెలుసుకోకపోవడం వల్లే ‘మాకు అబద్ధం చెప్పి ఇచ్చారు’ అన్న ఫిర్యాదులు వస్తాయి. నేను పెంచినవాటిలో అందరికంటే చేరిక గల ఒక బూడిదరంగు కూన ఉండేది, కొత్తవారు తలుపు తీస్తే చాలు ఎదురెళ్లేది. దాన్ని తీసుకెళ్లినవారు మూడో రోజున ఫోన్ చేసి, పుస్తకాల అర వెనుకనుంచి రావడమే లేదని, చేయి పెడితే బుసకొడుతోందని, ఇది నేను చెప్పిన కూనేనా అని అడిగారు. రాత్రి తింటోందా అని అడిగాను, గిన్నె ఖాళీ అవుతోందన్నారు. లిట్టర్ బాక్స్ వాడుతోందా అంటే వాడుతోందన్నారు. అయితే చేయి పెట్టడం మానేయండి, ఆ గదిలో నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి, దానివైపు చూడకండి అన్నాను. ఐదో రోజు సాయంత్రం అది వచ్చి వారి కాలికి తల రుద్దింది. అందులో నా గొప్పేమీ లేదు. రాత్రివేళ తిండీ లిట్టరూ సక్రమంగా సాగుతున్న కూన గది కొలతలు వేసుకుంటున్నదని అర్థం.

బలవంతంగా బయటికి లాగితే ఏమవుతుందో కూడా మన సామెతే చెప్పింది: గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుంది. కొట్టనక్కరలేదు, తప్పించుకునే దారి లేకుండా చేయి మీదికి వస్తే చాలు, కూన దృష్టిలో రెండూ ఒకటే. దాక్కున్న చోటు నుంచి ఒకసారి లాగబడిన కూన ఆ చేతిని గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో పిల్లలుంటే వారికి ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పండి. కూన మీవైపు చూసినప్పుడు కళ్లు నిదానంగా అరమూసి తెరవండి. ఇది మురిపెం కోసం చెప్పే మాటలా ఉంటుంది కానీ, 2020లో సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి చూశారు. అలా చేసినవారివైపు పిల్లులు కూడా కళ్లు అరమూశాయి, పరిచయం లేని మనిషైనా సరే చాచిన చేతి దగ్గరకు ఎక్కువగా వచ్చాయి.

ఓపికకూ హద్దు ఉంది. ఇంత చిన్న కూన ఒక పూట తినకపోతే చూడవచ్చు, ఒక పగలూ ఒక రాత్రీ ఏమీ తినకపోతే అది బిడియం అనుకుని ఊరుకోకూడదు, వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. వాంతి, నీళ్ల విరేచనాలు తోడైతే అంతసేపు కూడా ఆగకండి. విరేచనాల మాట వచ్చింది కనుక, పాలు పెట్టకండి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందన్న మాట వినీవినీ పాలే పిల్లి ఆహారమని మనకు స్థిరపడిపోయింది. తల్లిపాలు మానిన కూనల్లో చాలావాటికి ఆవుపాలు అరగవు. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం మాంసం నుంచే దానికి అందాలి, అది చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. తయారు ఆహారం తిన్న పిల్లులకే ఈ గుండెజబ్బు వస్తున్నదని 1987లో పాల్ పియాన్ బృందం చూపించిన తరువాతే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. కూనల కోసమని రాసి ఉన్న ఆహారాన్ని మూడు నెలల వయసు వరకు రోజుకు నాలుగుసార్లు, తరువాత మూడుసార్లు పెట్టండి.

ఇప్పుడు మీ నాలుగేళ్ల పిల్లి. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చదివినప్పుడు నాకు కూన కంటే దాని గురించే ఎక్కువ ఆలోచన కలిగింది. కూనకు కొత్త ఇల్లు దొరుకుతోంది, దానికి మాత్రం తన ఇంట్లోకి అడగకుండా ఒకరు వస్తున్నారు. ‘ఒకసారి ఎదురెదురుగా వదిలితే అవే సర్దుకుంటాయి’ అన్న సలహా మీకు తప్పకుండా వస్తుంది, దాన్ని పాటించకండి. మొదటి రెండు వారాలు తలుపు మూసే ఉండాలి. ఇందుకు పరిచయం ఒక కారణమైతే, రోగం మరో కారణం. పైకి ఆరోగ్యంగా కనిపించే కూనలో కూడా ప్యాన్‌ల్యూకోపీనియా వైరస్ కొన్ని రోజులు దాగి ఉండగలదు. తామర బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీ పిల్లి టీకాలు గడువు దాటలేదని ముందే చూసుకోండి, కూనను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, గిన్నెలు కలపకండి.

ఆ రెండు వారాల్లో వాటి మధ్య వాసనలు తిరగాలి. కూన పడుకున్న గుడ్డను మీ పిల్లి నడిచే చోట, దాని గుడ్డను కూన గదిలో వేయండి. మూసిన తలుపుకు ఆ వైపు ఒకటి, ఈ వైపు ఒకటి గిన్నెలు పెట్టి, రోజురోజుకూ తలుపుకు దగ్గరగా జరపండి. బుసకొట్టడం మాట్లాడటంలో భాగమే, దానికి కోప్పడకండి. మీ పిల్లి తలుపు దగ్గర తినడం మానేస్తే ఒక అడుగు వెనక్కి జరపండి. తలుపు కొంచెం తెరిచి చూసుకోనిచ్చే రోజు వచ్చాక కూడా, మొదటి భేటీలు ఐదు పది నిమిషాలకు మించకూడదు, అదీ కూనను బాగా ఆడించి అలిసిపోనిచ్చాక. మీ పిల్లి ఎక్కగలిగి కూన ఎక్కలేని ఎత్తైన చోటు ఒకటి ఉండాలి. లిట్టర్ బాక్స్‌లు పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ, అంటే మీకు మూడు, వేర్వేరు చోట్ల. ఇదంతా అయ్యేసరికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. పట్టనివ్వండి.

ఇంట్లో సర్దవలసినవాటిలో కొన్ని ప్రాణం మీదికి వచ్చేవి ఉన్నాయి. లిల్లీ జాతి పూలు ఇంట్లో ఉండకూడదు. ఆకు నమిలినా, ఒంటి మీద పడిన పుప్పొడిని నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం, సగం మాత్రైనా. కుక్కల కోసం అమ్మే ఫ్లీ మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లి మీద వాడకూడదు. దారం, రిబ్బన్, ఉన్ని మింగితే పేగులు ముడుచుకుపోతాయి. దారపు ఆటవస్తువులను మీరు పట్టుకుని ఆడించి, ఆట కాగానే లోపల పెట్టేయండి. కిటికీలకు గట్టి మెష్ బిగించండి. పిల్లి నాలుగు కాళ్ల మీదే పడుతుందన్నది చాలావరకు నిజమే, మూడో అంతస్తు నుంచి పడితే ఆ కాళ్లే విరుగుతాయి. బట్టలు ఉతికే యంత్రాన్ని నడిపే ముందు ప్రతిసారీ లోపలికి చేయి పెట్టి చూడండి. ఇంట్లో గర్భిణులు ఉంటే లిట్టర్ శుభ్రం చేసే పని మరొకరు తీసుకోవాలి, అదీ రోజూ జరగాలి; టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు మలంలో పడ్డాక సోకే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది కనుక రోజూ తీసేస్తే అపాయం బాగా తగ్గుతుంది.

కూన గది దాటి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. పెంచినవారు ఇచ్చిన మచ్చికను వ్యాపింపజేసే సమయం అప్పుడే మొదలవుతుంది. వారానికి ఒకరిద్దరు కొత్తవారు వచ్చి, కూనను ఎత్తుకోకుండా, నేల మీద కూర్చుని ఆడించి వెళ్లేలా చూడండి. రోజూ ఒక నిమిషం పంజా పట్టుకుని గోళ్లు బయటికి వచ్చేలా మెత్తగా నొక్కండి, చెవి లోపల చూడండి, పెదవి ఎత్తి పళ్లు చూడండి, వెంటనే ఇష్టమైనది తినిపించండి. క్యారియర్‌ను అటక ఎక్కించకండి. అది ఎప్పుడూ గదిలో పడకలాగా ఉంటే వైద్యుడి దగ్గరకు వెళ్లే రోజున ఇల్లంతా వెంటాడనక్కరలేదు. చేతివేళ్లతో మాత్రం ఆడించకండి. పది వారాల కూన వేలు కొరికితే ముద్దుగా ఉంటుంది. మూడున్నర నెలలకు పాలపళ్లు ఊడి గట్టి పళ్లు రావడం మొదలవుతుంది, ఆరు నెలలకు ముప్పై పళ్లతో అదే ఆట ఆడుతుంది. అప్పుడు తిట్టి లాభం లేదు, నేర్పింది మనమే. కొరికినప్పుడు చేయి లాక్కోకుండా కదలిక ఆపేసి, ఆట ముగించి లేచి వెళ్లిపోండి. తోబుట్టువులు చేసేదీ ఇదే.

మిగిలింది పగటి ఒంటరితనం. పది వారాల కూనను ఎనిమిది గంటలు గదిలో ఒంటరిగా ఉంచితే ప్రమాదమేమీ లేదు, కానీ దాచుకున్న బలమంతా రాత్రి మీ పాదాల మీద తీరుస్తుంది. మీ పిల్లి ఉంది కదా తోడు అనుకుంటున్నారని మీ మాటల్లో కనిపించింది. నాలుగేళ్ల పిల్లికి కావలసింది ఎండ పడే చోట నిద్ర. కూనకు కావలసింది దాని తోకను పట్టి వేలాడటం. ఈ రెండూ కుదరవు. చాలామంది వద్దంటారని తెలిసినా, ఇలాంటి ఇళ్లకు నేను ఒకే ఈత కూనలు రెండింటిని పంపడానికే ఇష్టపడతాను. అవి ఒకదానితో ఒకటి కుస్తీ పట్టుకుని, పెద్దదాన్ని దాని మానాన వదిలేస్తాయి, కొరకడం ఎంతవరకో ఒకదానికొకటి నేర్పుకుంటాయి. ఆహారం, టీకాలు, లిట్టర్ అన్నీ రెండింతలవుతాయి కనుక ఆ భారం మోయగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. మీరు చూసిన కూనకు తోబుట్టువు ఇంకా ఎవరికీ ఇవ్వకుండా మిగిలి ఉందా అని, కాగితాల మీద సంతకం పెట్టే ముందే అడగండి. ఆ తోబుట్టువును రెండు నెలల తరువాత తెచ్చుకుంటే అవి ఒకదాన్నొకటి మరిచిపోయి ఉంటాయి, అప్పుడు మూసిన తలుపు దగ్గర నుంచి అంతా మళ్లీ మొదలుపెట్టాలి.